గేలం మరవడానికి రెండు నెలలు

మా వీధి వాళ్లకి రెండు నెలలుగా సాయంత్రం అయిదు దాటితే కాలక్షేపానికి లోటు లేదు. ఖాళీగా ఉన్న కళ్లంలో నేను తొమ్మిదడుగుల కర్ర పట్టుకుని, చివర ముల్లు లేకుండా, చుక్క నీరు లేని చోట చేపలు పడుతుంటాను. మొదట పిల్లలు వచ్చారు. తర్వాత గేదెల్ని తోలుకెళ్లేవాళ్లు ఆగారు. మూడో రోజుకి అరుగు మీది పెద్దలు కుర్చీలు కళ్లం వైపు తిప్పుకున్నారు. "మాస్టారూ, ఏవైనా పడ్డాయేటండీ?" అని రోజూ ఎవరో ఒకరు అడుగుతారు. "ఆయ్, రెండు మేకలు తప్పించుకున్నాయండి" అని నేనూ జవాబు సిద్ధం చేసుకున్నాను.

దీనికంతటికీ కారణం మా మేనల్లుడు. హ్యూస్టన్‌లో ఉంటాడు. అక్టోబర్‌లో మేం వెళ్తున్నామని తెలియగానే గాల్వెస్టన్ తీరంలో ఒక రోజు పడవ మాట్లాడేశాడు. రెడ్‌ఫిష్ కోసం, అదీ ఫ్లై ఫిషింగ్. ఊరికొస్తున్న వాళ్లతో కర్ర, రీలు, దారం పంపించాడు. "మావయ్యా, నువ్వు గోదారోడివి. నీకు కొత్తగా నేర్పేదేముంది? ఊరికే చెయ్యి తిప్పుకో చాలు" అన్నాడు. ఆ మాట నమ్మాను. నమ్మడమే తప్పయింది.

రెడ్‌ఫిష్‌కి పుస్తకాల్లో పేరు రెడ్ డ్రమ్. చింతపండుతో తోమి ఎండలో బోర్లించిన రాగి చెంబు రంగు. తోక మొదట్లో దిష్టిచుక్కలాగా ఒక నల్ల మచ్చ. అది మోకాలి లోతు ఉప్పు నీళ్లలో, గడ్డి మధ్య, పీతల కోసం రొయ్యల కోసం తల కిందికి పెట్టి బురద వెతుకుతుంది. నీరు తక్కువ కాబట్టి తోక పైకి లేస్తుంది. చేలల్లో బాతులు తల ముంచి వెనకభాగం ఆకాశానికి చూపించడం మనం చూడనిది కాదు, సరిగ్గా అలాగే. ఆ తోకని ముందు కంటితో పట్టుకోవాలి. పడవ ముక్కు మీద నిలబడి, నలభై యాభై అడుగుల దూరం నుంచి, బొటనవేలంత ఎరని దాని మూతికి ముందు చప్పుడు కాకుండా దించాలి. పని మొత్తం ఇదే.

నాకు తెలిసిన చేపల వేట వేరు. మాది కాలవగట్టు. కాటన్ దొర 1852 నాటికి ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పూర్తిచేసి కాలవల్లోకి గోదారిని పంపించాడు కాబట్టి మా గుమ్మం ముందుకి నీళ్లొచ్చాయి, నీళ్లతో జెల్లలొచ్చాయి, జెల్లల కోసం నేను బడి ఎగ్గొట్టాను. వెదురు కర్ర, బెండు ముక్క, కొబ్బరి చిప్పలో తడిమన్ను, మన్నులో వానపాములు. వేసి కూర్చోవడం. బెండు వణికితే ఊపిరి బిగబట్టడం, మునిగితే కర్ర పైకి లేపడం. చేపని మనం వెతకం. చేపే మనల్ని వెతుక్కుంటూ వస్తుంది. యాభై ఏళ్లు ఇదే నా వేట. ఇందులో దేన్నీ గాల్వెస్టన్‌కి పట్టుకెళ్లడానికి లేదని మొదటి వారంలోనే అర్థమైంది.

మన గేలానికి బరువు చివర ఉంటుంది. విసిరితే ఆ బరువు దారాన్ని లాక్కుపోతుంది. ఇక్కడ వ్యవహారం తిరగబడింది. ఎర అంటే నాలుగు వెంట్రుకలూ రెండు ఈకలూ, దానికి బరువెక్కడిది? బరువంతా దారానిదే. పైన ప్లాస్టిక్ పూత ఉన్న లావుపాటి దారం, నీటి మీద తేలుతుంది. ముందు భాగం మరీ బొద్దుగా ఉంటుంది. దాని కొసన సన్నటి నైలాన్ పోగు మరో తొమ్మిదడుగులు, ఆ పోగు కొసన ఎర. కర్రతో దారాన్ని వెనక్కి విసిరితే అది గాలిలో విప్పుకుంటూ పోయి, నిటారుగా సాగి, కర్రని వంచుతుంది. ఆ వంపు విడిపోతూ దారాన్ని ముందుకి తోస్తుంది. ఎర వెనకాలే కావడిలో చంటిపిల్లాడిలా ప్రయాణం చేస్తుంది, అంతే.

అంటే ముందుకి వెయ్యాలంటే ముందు వెనక్కి వెయ్యాలి. వేసి ఆగాలి. నాకు ఆగడం రాలేదు. దారం వెనకాల పూర్తిగా విప్పుకోకముందే ముందుకి లాగితే చర్నాకోల దెబ్బలా ఛట్‌మంటుంది. మా నాన్న బండి తోలేటప్పుడు ఎడ్ల వీపు మీద పడకుండా చర్నాకోలని గాల్లోనే కొట్టేవాడు, ఆ చప్పుడుకే అవి దౌడు తీసేవి. నేను ఎంత ప్రయత్నించినా చిన్నప్పుడు ఆ చప్పుడు రప్పించలేకపోయాను. ఇప్పుడు అరవై మూడో ఏట, వద్దనుకుంటుంటే, వేసిన ప్రతిసారీ వస్తోంది! చప్పుడైనప్పుడల్లా చివర కట్టిన ఎర్ర ఉన్ని ముక్క తెగి ఎగిరిపోతుంది. నీళ్లలో అయితే అది ముల్లుతో సహా ఎర.

ఎంతసేపు ఆగాలి? "వెనక్కి తిరిగి చూడు మావయ్యా" అన్నాడు ఫోన్లో. తిరిగి చూస్తే మెడ పట్టేసింది. చివరికి నా లెక్క నేను పెట్టుకున్నాను. దారం ఇరవై అడుగులు బయట ఉంటే మనసులో "రామా", నలభై ఉంటే "శ్రీరామా", ఇంకా ఎక్కువైతే "శ్రీరామచంద్రా". దూరం పెరిగేకొద్దీ నామం పెరుగుతుంది. మా ఆవిడ దీన్ని పుణ్యం ఖాతాలో వెయ్యొచ్చా కూడదా అని ఆలోచిస్తోంది.

1996 నవంబర్ 6 తుపానుకి మా దొడ్లో కొబ్బరిచెట్లు దాదాపు అన్నీ పడిపోయాయి. నిలిచిన మూడింట్లో ఒకటి సరిగ్గా కళ్లం వెనకాలే ఉంది. అంత తుపానుకి లొంగని చెట్టు నా దారానికి మాత్రం చెయ్యి చాచి పట్టుకుంది. ఒక సాయంత్రం ఎనభై అడుగుల దారం గెలల మధ్య చుట్టుకుపోతే, పక్క తోటలో దింపు తీస్తున్న కుర్రాడిని బతిమాలాను. చెట్టెక్కి, ఓపిగ్గా విడదీసి, దిగి, మొలకి చుట్టిన తువ్వాలుతో చెమట తుడుచుకుని, "చెట్టుకింతని మా లెక్కండి. దారానికెంతో మీరే చెప్పాలండి" అన్నాడు. చెట్టు లెక్కే ఇచ్చాను. ఆ మర్నాటి నుంచి తూర్పు ముఖం మాని ఉత్తర ముఖంగా నిలబడుతున్నాను.

సముద్రపు గాలిని కోసుకుంటూ దారం పోవాలంటే ఎడమ చేత్తో కూడా లాగి వదిలే ఒక కిటుకుంది, వెనక్కొకసారి, ముందుకొకసారి. అది నాకు సగమే వచ్చింది. ఆ సగంతోనే విమానం ఎక్కుతాను.

ఇదంతా ఒక ఎత్తు. అసలు చిక్కు చేప ఎర అందుకున్నాక ఉంది.

బెండు మునగగానే కర్ర పైకి లేపడం నాకు నేర్చుకున్న విద్య కాదు, తుమ్ములాంటిది. రెడ్‌ఫిష్ దగ్గర అలా లేపితే పని చెడుతుంది. దాని నోరు కింది వైపుకి ఉంటుంది. బురదకి ఆనుకుని మేస్తుంది. కర్ర ఎత్తితే ఎర దాని నోట్లోంచి పైకి జారి గాల్లోకొస్తుంది, చేప బెదురుతుంది. కర్ర కొస నీటివైపే ఉంచి, ఎడమ చేత్తో దారాన్ని సూటిగా వెనక్కి గుంజాలి. ముల్లు దిగితే దిగినట్టే. దిగకపోయినా ఎర ఒక అడుగు మాత్రమే జరుగుతుంది, పారిపోయే రొయ్యలా కనపడుతుంది, చేప మళ్లీ వెంటపడే అవకాశం ఉంటుంది. ఇందులో అర్థం కానిది ఏమీ లేదు. బుర్రకి ఎక్కింది. చేతికి ఎక్కలేదు.

పక్కింటి పిల్లాడు ఆరో తరగతి. వాణ్ణి చేపని చేశాను. ముప్ఫై అడుగుల అవతల దారం కొస పట్టుకుని గట్టుకి వీపు ఆనించి కూర్చుంటాడు. నేను దారాన్ని కొంచెం కొంచెం లాక్కుంటూ ఉంటాను. వాడికి బుద్ధి పుట్టినప్పుడు ఒక్క గుంజు గుంజుతాడు. నేను కర్ర ఎత్తకుండా ఎడమ చేత్తో లాగాలి. లెక్కకి చింతపిక్కలు పెట్టుకున్నాడు. తప్పుకొకటి ఎడంవైపు, ఒప్పుకొకటి కుడివైపు. మొదటి సాయంత్రం ఇరవై గుంజులైతే ఇరవై పిక్కలూ ఎడమ పక్కనే. "తాతగారూ, మీరు పాస్ అవ్వరండి" అన్నాడు. ముప్ఫై రెండేళ్లు పాఠాలు చెప్పినవాడిని, ఇంతమందికి ఎర్ర సిరాతో సున్నాలు చుట్టినవాడిని, ఆ మాట ఎంత గుచ్చుకుంటుందో ఇప్పుడు తెలిసింది. వాడు గడుసువాడు కూడా. నేను కళ్లజోడు తుడుచుకునేటప్పుడే గుంజుతాడు. చేపలూ అంతేనట.

నెల తర్వాత పిక్కలు సగం సగమయ్యాయి. పోయిన ఆదివారం కుడివైపు పద్నాలుగు.

ఎరల సంగతి చెప్పాలి. మేనల్లుడు పంపిన డబ్బాలో ఆరు ఎరలున్నాయి. అందులో ఒకదాని పేరు క్లౌజర్ మిన్నో. పెన్సిల్వేనియాలో బాబ్ క్లౌజర్ అనే ఆయన 1980లలో నది చేపల కోసం కట్టినది, తర్వాత సముద్రానికీ పాకింది. ముల్లు మెడ దగ్గర డంబెల్ ఆకారంలో రెండు చిన్న లోహపు కళ్లు, వాటి మీద లేడి తోక వెంట్రుకలు. ఆ కళ్ల బరువుకి ఎర తిరగబడి ముల్లు పైకి ఉండి దిగుతుంది కాబట్టి గడ్డికి తగులుకోదు. చూస్తూ ఉంటే నేనూ ఒకటి కట్టాలనిపించింది. లేడి తోక మనకెక్కడ? కానీ ఈ ఎరల్లో కోడిపుంజు మెడ ఈకలు కూడా వాడతారని చదివాక, కోనసీమలో పుట్టి ఈకలకి వెతుక్కోవడమా అనుకున్నాను.

మా ఊళ్లో ఒకాయన సంక్రాంతి కోసం పుంజుల్ని పెంచుతాడు. కాకి, సేతువ, పర్ల, నెమలి, డేగ. జీడిపప్పు తినిపించి, ఈత కొట్టించి, నీడపట్టున కట్టేసి సాకుతాడు. "డేగ మెడ ఈకలు నాలుగు కావాలి" అన్నాను. ఆయన ముఖం చూస్తే నేను కూతుర్ని అడిగినట్టుంది. "అయ్ బాబోయ్, మాస్టారూ! పుంజుని ముట్టుకోకండి. రాలినవి ఉంటే ఏరుకోండి" అన్నాడు. గంప చుట్టూ వంగి ఏరుకున్నాను. ఎర్రటి ఈక, అంచున నిప్పురవ్వ మెరుపు. ఇంటికొచ్చి మా ఆవిడ కుట్టుపెట్టెలో దారంతో ముల్లుకి చుట్టి, ముడి దగ్గర గోళ్ల రంగు పూశాను. తడిపి నీళ్ల తొట్టెలో లాగితే ఆ ఈక ముడుచుకుని విచ్చుకుంటూ అచ్చం రొయ్యలా కదిలింది. రెడ్‌ఫిష్ పట్టినా పట్టకపోయినా ఆ తొట్టెలో చూసిన కదలికకి నేను చాలాసేపు అక్కడే నిలబడిపోయాను.

ఆ చేప మనకి పరాయిదేమీ కాదు. రెడ్ డ్రమ్ కుటుంబమే మన గొరకల కుటుంబం. లక్షలు పలికిందని పేపర్లో ఫొటోతో వస్తుందే, కచిడి, అదీ ఆ వంశమే. గుజరాత్ 2023లో ఘోల్ పేరుతో రాష్ట్ర చేపగా ప్రకటించుకున్నది కూడా మన కచిడినే. కచిడికి ధర ఒంటికి కాదు, లోపలి గాలితిత్తికి. విచిత్రమేమిటంటే ఈ కుటుంబంలో చేపలు ఆ తిత్తి మీదే కండరాలు ఆడించి డప్పులా చప్పుడు చేస్తాయి. డ్రమ్ అన్న పేరు అందుకే. విశాఖపట్నంలో ఉండి మన తీరపు చేపల బొమ్మలు గీయించిన ప్యాట్రిక్ రస్సెల్ అనే డాక్టరు పుస్తకం 1803లో వచ్చింది. రెండు వందల చేపలు. మనవాళ్లు పిలిచే పేర్లనే ఆయన ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నాడు. అందులో ఈ గొరకల జాతి వాటికి "కచ్చెలీ" అని కనపడుతుంది. రేవులో ఎవరో జాలరి చెప్పిన మాట లండన్‌లో అచ్చుకెక్కింది. చెప్పినవాడి పేరు మాత్రం ఎక్కలేదు.

ఉప్పు నీటిలో ఎరతో చేప పట్టేవాళ్లని అడుగుదామని అంతర్వేది వెళ్లాను. వశిష్ఠ సముద్రంలో కలిసే చోట, అన్నాచెల్లెళ్ల గట్టుకి ఇవతల, మడచెట్ల పాయల్లో పండుగప్పకి గేలం వేసే పెద్దాయన ఒకాయన ఉన్నాడని చెప్పారు. నాకంటే పదేళ్లు పెద్ద. వల బాగుచేసుకుంటున్నాడు. నా డేగ ఈక ఎరని అరచేతిలో పెట్టుకుని, తిప్పి చూసి, నవ్వకుండా, నాలుక మీద పెట్టుకున్నాడు.

"గోళ్ల రంగు వాసనొత్తందండి" అన్నాడు. "చేపకి మనకంటే ముక్కెక్కువండి. నాలుగు రోజులు ఉప్పు నీళ్లలో పడేసి ఉంచండి."

"ఎప్పుడెయ్యాలి బాబాయ్?"

"పోటుకాదండి, ఆటుకాదండి. తిరుగుద్ది సూడండి, అప్పుడండి. పాయలో నీరు ఎనక్కెళ్తా ఉంటే రొయ్య కూడా ఎల్లాలి కదండి. పండుగప్ప ఆ మూల కాడ వచ్చి నిలబడుద్దండి, అరుగు మీద కూకున్నట్టు. మీరు దాని ఎనకాల ఎయ్యకూడదండి. ఎర దాని మీదకెల్తే అది పారిపోద్దండి. ఎక్కడన్నా రొయ్య పండుగప్పని తరుముద్దేటండీ?"

మేనల్లుడు పంపిన వీడియోలో గంటసేపు చెప్పిందీ అదే, ఎర ఎప్పుడూ చేప నుంచి దూరంగా కదలాలి గానీ చేప మీదకి రాకూడదని. పెద్దాయన చెప్పడానికి వల మీంచి చెయ్యి కూడా తియ్యలేదు. పడవ గురించి కూడా ఒక మాటన్నాడు. గాల్వెస్టన్‌లో చేప దగ్గరికి వెళ్లేటప్పుడు ఇంజన్ ఆపేసి, వెనకాల చిన్న మంచె మీద నిలబడి పొడుగాటి గెడతో తోస్తారని చెప్పాను. ఆయనకి ఆశ్చర్యం అనిపించలేదు. "ఇంకెలా తోత్తారండీ మరి?" అన్నాడు.

రీలుని మాత్రం చేతికి తీసుకుని బరువు చూశాడు. "ఉప్పు తినేత్తదండి" అన్నాడు. ఆయన ఇంటి కిటికీ చువ్వలు సగానికి సగం తరిగి ఉన్నాయి. వేట నుంచి రాగానే రీలునీ కర్ర కీళ్లనీ మంచినీళ్లతో కడిగి ఆరబెట్టాలని కంపెనీ కాగితంలో కూడా రాసుంది. ఆ చువ్వల్ని చూశాక కాగితం అక్కర్లేకపోయింది.

ఇక చట్టం. టెక్సాస్‌లో రెడ్‌ఫిష్‌కి కొలత ఉంది. మామూలుగా 20 అంగుళాలకి తక్కువున్నదీ వదిలెయ్యాలి, 28 దాటిందీ వదిలెయ్యాలి. మధ్యవి రోజుకి మూడు. పెద్దవాటిని ఎందుకు వదలాలో మొదట నాకు ఎక్కలేదు. అవి తల్లిచేపలు, వాటి గుడ్లతోనే తీరం నిండాలి. ఈ నియమాలు ఊరికే రాలేదు. 1980ల తొలినాళ్లలో న్యూ ఆర్లీన్స్‌లో పాల్ ప్రూడోమ్ అనే వంటవాడు ఈ చేపకి మసాలా పట్టించి, కాలిన ఇనప మూకుట్లో నల్లగా మాడ్చి పెట్టాడు. దేశమంతా ఎగబడింది. గల్ఫ్‌లో చేపలు తరిగిపోయాయి. తమ నీళ్లలో పట్టిన రెడ్‌ఫిష్‌ని అమ్మకూడదని టెక్సాస్ 1981లోనే చట్టం చేసుకుంది. 2007లో అధ్యక్షుడు బుష్ కేంద్రం అధీనంలోని సముద్ర జలాల్లోనూ దానికి రక్షణ ఇస్తూ ఉత్తర్వు ఇచ్చాడు. ఒక వంటకం ఒక చేపని అంత దూరం తీసుకెళ్లింది.

చదువుతుంటే పులస గుర్తుకురాకుండా ఎలా ఉంటుంది? సముద్రం నుంచి వరదకి ఎదురీది గుడ్లు పెట్టడానికి గోదారిలోకొస్తుంది. మనం దాన్ని గుడ్లతో సహా, శెన పులసని, ఎక్కువ ధర పెట్టి, పుస్తెలమ్మైనా తినాలని సామెత చెప్పుకుంటూ తింటాం. తిని, చెయ్యి కడుక్కుని, పులసలు తగ్గిపోతున్నాయని బాధపడతాం. ఈ ఆగస్టులో నేనూ ఒక ముక్క తిన్నాను, శెన ఉన్నదే. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవల వేట ఆపుతారు, మంచిదే. అయితే పులస నదిలోకి వచ్చేది ఆ తర్వాత. పండుగప్ప మొదట మగదిగా పెరిగి, పెద్దయ్యాక ఆడదవుతుంది. అంటే బజారులో పెద్ద పండుగప్పని చూసి మురిసిపోయినప్పుడల్లా మనం తల్లిని చూసి మురుస్తున్నాం. టేపు పెట్టి కొలిచి, పెద్దదని వదిలేసే రోజు మా రేవుల్లో వస్తుందని నేననుకోను. పట్టిన చేపని ముద్దుపెట్టుకుని నీళ్లలో వదిలే ఆ సరదా నాకూ పూర్తిగా ఎక్కలేదు. కూరకి కాకపోతే దాని నోట్లో ముల్లెందుకు గుచ్చడం? మేనల్లుడితో ఈ మాటంటే, "అయితే మధ్య కొలతది ఒకటి పట్టు మావయ్యా, అత్తయ్య పులుసు పెడుతుంది" అన్నాడు. ఒప్పందం కుదిరింది.

సంచి సర్దడంలో పెద్ద పనేం లేదు. నీటి మీది మెరుపుని కోసి లోపలి చేపని చూపించే పోలరాయిడ్ కళ్లద్దాలు, చెవులు కప్పే టోపీ, పొడుగు చేతుల చొక్కా. పడవ ముక్కు పన్నెండు గంటలట. "రెండు గంటల దిక్కు, నలభై అడుగులు" అని గెడవాడు అరిస్తే అటు వెయ్యాలి. దానికి కళ్లంలో సున్నంతో గడియారం గీశాను, పిల్లాడు అంకెలు అరుస్తాడు. పడవ మీద చెప్పుల్లేకుండా నిలబడాలట, కాలి కింద దారం పడితే తెలియడానికి. మొత్తం మీద ఒక్క విషయంలో నాకు ముందే అనుభవం ఉందని తేలింది.

మొన్న శుక్రవారం సాయంత్రం, ప్రయాణానికి ఇంకా తొమ్మిది రోజులుందనగా, వాన పడి కళ్లం తడిసిపోయింది. అభ్యాసం లేదు. చెయ్యి ఊరుకోక అటక మీది పాత వెదురు గేలం దించి కాలవ దగ్గరికెళ్లాను. వానపాము, బెండు, అంతా పాత పద్ధతే. వాన వెలిసిన నీళ్లలో పది నిమిషాలు కాకుండానే బెండు రెండుసార్లు వణికి ఒక్కసారిగా మునిగింది. కొరమీనో, పెద్ద జెల్లో, కర్ర చేతిలో బరువుగా ఊగింది. నా కుడి చెయ్యి కర్రని నీటివైపు దించేసి కదలకుండా పట్టుకుంది. ఎడమ చెయ్యి ముందుకెళ్లి, అక్కడ లేని దారాన్ని పట్టుకుని, తుంటి దాకా గట్టిగా లాగింది. ఇంకోసారి లాగింది. బెండు పైకి తేలి నీటి మీద పక్కకి వాలింది.

గట్టు మీంచి గేదెల్ని తోలుకెళ్తున్నాయన సైకిలాపి, చాలాసేపు చూసి, అడిగాడు.

"ఏటండి మాస్టారూ, గేదె లేకుండా పితుకుతున్నారేటండీ?"